పలక వెనక నీలం

ఈమధ్య నెల్లూరులో రంగుల కొట్టుకు పోతే, అమ్మేవాడు నాకు పాఠం చెప్పబోయినాడు. "పెద్దాయనా, మిషన్లో వేల షేడ్లు ఉండాయి. నంబరు చెప్పండి చాలు, డబ్బా మీ చేతికొస్తుంది" అన్నాడు.

"ఉల్లిపొర రంగు నంబరెంత నాయనా?" అని అడిగినాను.

"అట్టాంటి పేరు లేదు. పింక్‌లో చూసుకోండి."

"ఉల్లిపొర పింక్ ఎట్టయింది? మీ ఇంట్లో ఉల్లిగడ్డలు తరిగేది నువ్వు కాదులే."

వాడు పక్కవాడి వైపు చూసి నవ్వినాడు. ఆ నవ్వు నాకు కొత్త కాదు. ఆరో తరగతితో బడి మానేసి, వాల్‌పోస్టర్ల మీద అక్షరాలు కూడబలుక్కుంటూ చదువు నేర్చినవాణ్ణి. నా ఎదురుగా చాలామంది అట్టా నవ్వినారు. కానీ రంగు కలిపే విషయంలో నన్ను ఓడించే మనిషి ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్న మాట. అందుకే మొన్న ఎండాకాలంలో నేను చేసిన తప్పు సంగతి కూడా దాచకుండా రాస్తున్నాను. అది కూడా మామూలువాడు చేయగలిగిన తప్పు కాదు.

నేను బొమ్మలు వేసేవాణ్ణి కాను. బొమ్మలు వేసేవాళ్ళకు రంగులు కలిపేవాణ్ణి. అట్టాంటి పని ఒకటుందని ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు. సినిమా బోర్డులు చేత్తో వేసే కాలంలో నెల్లూరులో మా మేస్త్రికి ఒక రేకుల షెడ్డు ఉండేది. ఆయన నిచ్చెన మీద ఉంటాడు, నేను కింద. హీరో మొహం ఒక్కటే మా షెడ్డు గోడంత ఉంటుంది. ఎడమ బుగ్గ సోమవారం వేస్తే కుడి బుగ్గ గురువారం వేస్తాడు. రెండు బుగ్గలూ ఒకే మనిషివి అనిపించాలంటే, సోమవారం కలిపిన రంగే గురువారమూ రావాల. అది నా పూచీ.

మేస్త్రి రంగు పేర్లు చెప్పేవాడు కాదు. పైనుంచి, "వంకాయ తొడిమె కింద దాక్కున్న తెలుపు కావాలబ్బయ్యా" అనేవాడు. లేదంటే, "మూడు రోజులు జ్వరం పడి లేచినోడి పెదిమ." నేను పొడి రంగు రాతి మీద అవిసె నూనెతో నూరి, కొబ్బరిచిప్పలో పోసి, తాడుకు కట్టి పైకి పంపేవాణ్ణి. ఆయన ఎడమ బొటనవేలి గోటి మీద చుక్క పెట్టుకుని, కన్ను చికిలించి చూసేవాడు. నచ్చకపోతే చిప్ప కిందికొచ్చేది. నచ్చితే మాటా పలుకూ ఉండదు, కుంచె చప్పుడు మొదలవుతుంది. ఆయన మెచ్చుకోలు అంతవరకే.

ఇంకో పద్ధతి ఉండేది ఆయనకు, నాకు అస్సలు గిట్టనిది. పూర్తయిన బోర్డును నేరుగా హాలుకు పంపనిచ్చేవాడు కాదు. షెడ్డులో నుంచి బయటికి మోయించి, రెండు రోజులు ఎండకు ఆనించి పెట్టించేవాడు. మోసేది నేనూ ఇంకో ఇద్దరూ. భుజాలు దోక్కుపొయ్యేవి. "ఆరినదాన్ని మళ్ళీ ఎండబెట్టేదేంది మేస్త్రీ" అని సణుగుతానే మోసేవాణ్ణి గానీ, ఎందుకని నిలదీసి అడిగినవాణ్ణి కాదు. అడిగుంటే ఈ కథ లేదు.

ఆయన దగ్గర కలిపిన ప్రతి రంగూ ఒక పుస్తకంలో దాచుకున్నాను. పాత పెళ్ళిపత్రికల అట్టలు కలిపి కుట్టిన పుస్తకం. పేజీకి నాలుగు మరకలు, ఒక్కోటి బొటనవేలంత. కింద, ఏ పొడి ఎన్ని చెంచాలు, నూనె ఎంత, ఏ పూట వెలుతురులో చూసింది, అన్నీ రాసి ఉంటాయి. కాలేజీలో చదివినవాళ్ళకు పట్టాలుంటాయి, నాకు ఆ పుస్తకం ఉంది. దాన్ని పట్టుగుడ్డలో చుట్టి, రేకు పెట్టెలో కలరా ఉండలు వేసి, ఇన్నేళ్ళూ ప్రాణంగా చూసుకున్నాను.

ఫ్లెక్సులు వచ్చినాయి, షెడ్డు మూతపడింది. మేస్త్రి పోయినాడు. ఆయన వేసిన బోర్డులన్నీ ఎప్పుడో రేకు రేకుకు విడిపోయి, గొడ్ల పాకల పైకప్పులైపోయినాయి. ఆయన చేతి పని ఈ భూమ్మీద ఒక్కచోటే మిగిలింది. వాకాడు తీరాన, చేపలు పట్టేవాళ్ళ పట్టపు పల్లె ఒకదాంట్లో, చర్చి గోడ మీద.

ఆయన విబూది పెట్టుకునే మనిషి. అయినా అప్పటి పాస్టరుగారు అడిగితే సంతోషంగా ఒప్పుకున్నాడు. ఇద్దరం ఆ పల్లెలోనే ఉండిపోయినాం. మొదటి మూడు రోజులు కుంచె ముట్టకుండా సముద్రం చూస్తా కూర్చున్నాడు. బొమ్మ ఏసుప్రభువు తుఫాను గాలిని గద్దించినాక నిమ్మళించిన సముద్రానిది. పడవలు ఆ పల్లె పడవలే. పడవల్లో మొహాలు ఆ పల్లె మొహాలే, ఒక్కొక్కణ్ణి పిలిచి ఇసకలో కూర్చోబెట్టి వేసినాడు. పైన గాలి ఆగినాక బయటపడ్డ ఆకాశం. ఆ ఆకాశానికి నీలం నేను ఇసకలో కూర్చుని బకెట్టులో కలిపినాను. ఆరుసార్లు కాదన్నాడు. ఏడోసారి గోటి మీద చుక్క పెట్టుకుని, చెయ్యి ఆకాశానికి ఎత్తి, చాలాసేపు చూసి, ఏమీ అనకుండా నిచ్చెనెక్కినాడు. నా జన్మకు అది చాలు.

ఇక మొన్నటి సంగతి. పోయిన వానాకాలంలో ఆ చర్చి కప్పు కారింది. పడవలూ మనుషులూ బాగానే ఉన్నారు గానీ, పైన ఆకాశమంతా పెచ్చులూడి పోయింది. మిగిలిన కాస్తా వెలిసి తెల్లబడింది. సంఘపెద్ద ఒకాయన, కృష్ణపట్నం వైపు కాంట్రాక్టు పనులు చేసుకునే మనిషి, మొత్తం గోడకు సున్నం కొట్టించి ఫ్లెక్స్ కట్టేద్దామన్నాడు. ఆ పల్లె మనిషే ఒక అమ్మాయి, బొమ్మలు వేయడం చదువుకుని నెల్లూరు బడిలో డ్రాయింగు చెబుతుంది. తను అడ్డం పడింది. ఆకాశం తానే తిరిగి వేస్తానంది. మట్టల ఆదివారం దాకా గడువిచ్చినారు. పది రోజులు.

ఆ అమ్మాయి డబ్బా పట్టుకుని నా ఇంటికొచ్చింది.

"తాతా, ఆ ఆకాశం మీరే కలిపినారంట గదా?"

"నేనే."

"గోడ ఫోటో తీసి మిషన్లో పెట్టిస్తే ఇదొచ్చింది. నాకే నచ్చలేదు" అని మూత తీసింది. బియ్యం కడిగిన నీళ్ళలో సిరాచుక్క పడినట్టుంది.

"మిషన్ది తప్పు కాదులే మా. అది చూసిందే చెప్పింది. నన్నిప్పుడు ఫోటో తీసి, ఈయన పుట్టినప్పుడు ఇట్టనే ఉండాడంటే ఎట్టా? అట్టుంది" అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది. ఇది మంచి నవ్వు. పుస్తకం సంచీలో పెట్టుకుని, డెబ్బై నాలుగేళ్ళ వయసులో ఆమె స్కూటీ వెనక కూర్చుని వాకాడు తోవ పట్టినాను.

చర్చిలో సంఘపెద్ద ఉన్నాడు. ఇంకొకామె చేపల బుట్ట గడప పక్కన దించి ఊడుస్తా ఉంది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద, నడుం వంగింది గానీ చూపు తగ్గలేదు. సంఘపెద్ద ఫోన్ తీసి ఫ్లెక్స్ బొమ్మ చూపించినాడు.

"చూడన్నా, ఒక్క పూటలో కట్టేస్తారు. వెనకాల జలపాతం కూడా వస్తుంది."

"ఊరి పక్కన సముద్రం పెట్టుకుని జలపాతమెందుకన్నా? నీళ్ళు చాల్లేదా?"

ఊడ్చే ఆమె చీపురు ఆపి కిసుక్కుమన్నది. సంఘపెద్దకు అది నచ్చలేదు. "ఒకటే మాట పెద్దాయనా. ఆదివారం మా పెద్దోళ్ళు చూసి, ఇది మా ఆకాశమే అనాల. అంటే ఉంచుతాం. లేదంటే సోమవారం సున్నం. ఫ్లెక్స్ ఇప్పటికే ప్రింటుకు ఇచ్చేసినా" అన్నాడు.

నా మేస్త్రి మిగిలిందే ఆ గోడ మీద. దానికి సున్నం కొడతానని నా మొహం మీదే చెప్పినాడు. నేను సంచీలోంచి పుస్తకం తీసినాను.

పేజీ తెరిచినాక ఒక్క క్షణం నాకే అనుమానమొచ్చింది. నా మనసులో ఉన్న నీలం వేరు. పుస్తకంలో మరక ఆకుపచ్చ వైపు తిరిగి ఉంది. కానీ కింద రాత నాదే. "చర్చి ఆకాశం, ఏడోది" అని ఉంది. మనసు ముసలిదయింది, పుస్తకానికి వయసు రాదు గదా అనుకున్నాను. అప్పుడే నా కళ్ళు పాటల పలక మీద పడినాయి. ఆ రోజు ఆరాధనలో పాడే పాటల నంబర్లు పెట్టే చెక్క పలక, ఆకాశం అంచు మీదనే మరలు బిగించి ఉంది. బొమ్మ వేసిన ఏడాదే బిగించినారంట. దాని వెనక వెలుతురు సోకి ఉండదు, రంగు వెలిసి ఉండదు. ఈ ఆలోచన మిషన్‌కు వచ్చిందా? అమ్మాయికి వచ్చిందా? నాకొచ్చింది.

మరలు విప్పించినాను. పలక వెనక జానెడు ఆకాశం, పెచ్చు కూడా లేవకుండా ఉంది. పుస్తకం దాని పక్కన ఆనించినాను. రెండూ ఒకటే. అదే ఆకుపచ్చ తిరిగిన నీలం. కోర్టులో ఇద్దరు సాక్షులు పొల్లుపోకుండా ఒకే మాట చెప్పినట్టుంది. సంఘపెద్దను దగ్గరికి పిలిచి చూపించి, రంగు అంటే ఏందో, జ్ఞాపకం అంటే ఏందో, అరగంట ఉపన్యాసమిచ్చినాను. ఆయన మధ్యలోనే ఫోనొచ్చిందని వెళ్ళిపోయినాడు.

మర్నాడంతా రాతి మీద నూరినాను. చెంచాల లెక్క నా పుస్తకంలోనే ఉంది, కానీ దాని ప్రకారం కలిపితే మరక కంటే నీలంగా వచ్చింది. ఇప్పటి పొడులు కల్తీవి అని తిట్టుకుని, మరకకు సరిపొయ్యేదాకా పసుపు మట్టి కలుపుతా పోయినాను. అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. అమ్మాయి రెండు రోజులు నిచ్చెన మీదే ఉండి సగం ఆకాశం వేసింది. నేను కింద నిలబడి, చిప్ప పైకి పంపిస్తా, చాలా ఏళ్ళ తర్వాత పని చేసే మనిషిని మళ్ళీ అయినాను.

ఐదో రోజు పొద్దున ఊడ్చే ఆమె గోడ ముందు చీపురు పట్టుకుని నిలబడిపోయింది.

"అబ్బయ్యా, ఇదేంది? పాచి పట్టిన గుంట మాదిరి ఉండాది."

నన్ను అబ్బయ్యా అని పిలిచే మనుషులు ఎక్కువమంది మిగల్లేదు. "అక్కా, పాత రంగే ఇది. సాక్ష్యం ఉండాది. పలక వెనక చూడు, పుస్తకం చూడు."

"నీ సాక్ష్యం నాకెందుకు? అదో, తెడ్డు పట్టుకున్నోడు ఎవురనుకున్నావు? మా ఇంటాయన. మీ మేస్త్రి ఇసకలో కూర్చోబెట్టి వేసినాడు గదా. మా పెళ్ళి ఈ గోడ కిందే అయింది. తల వంచుకో తల వంచుకో అంటారు అందరూ, నేను పైకే చూస్తి. ఆ ఆకాశం నాకు తెలవదా?"

"యాభై ఏళ్ళు దాటిన మాట అక్కా. కంటికి గుర్తుండేది వేరు, నిజం వేరు."

"సరే, నా కన్ను ముసిల్ది. నిన్నొకటి అడగతా చెప్పు. సముద్రం పైన ఆకాశం ఇట్టా పచ్చగా తిరిగితే మా వోళ్ళు ఏం చేస్తారు?"

ఆమే చీపురు ఎత్తి, నేను వేయించిన ఆకాశం వైపు చూపించింది.

"వల తీసి పడవ వొడ్డుకు లాగతారు. గాలి ఇంకా రాలేదని అర్థం, రాబోతుందని అర్థం. నువ్వు మా ఇంటాయన్ని గాలి ముందర నిలబెట్టినావబ్బయ్యా. మీ మేస్త్రి గాలి నిలిచినాక నిలబెట్టినాడు." అని మళ్ళీ ఊడ్చుకోడం మొదలుపెట్టింది.

నాకు కోపమొచ్చింది. నిజంగానే వచ్చింది. బయటికి పోయి పడవ నీడలో కూర్చున్నాను. చేపల బుట్ట ఎత్తే మనిషి నాకు రంగు చెప్పడమా అనుకున్నాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నాను. నన్ను చూసి నవ్విన కొట్టువాడికీ నాకూ ఆ పూట తేడా లేదు.

అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. "తాతా, పుస్తకం పక్కన పెట్టండి. కళ్ళు మూసుకుంటే మీకేం కనిపిస్తుంది?"

"కళ్ళు మూసుకుని రంగు కలిపేదాన్ని ఏ కాలేజీలో నేర్పినారు?" అన్నాను. కానీ మూసుకున్నాను. కనిపించింది నీలమే. ఊడ్చే ఆమె చెప్పిన, గాలి నిలిచినాకటి నీలమే. దాంతో కోపం రెండింతలైంది. సంచీ తెచ్చుకుని ఇంటికి పోదామని లోపలికి నడిచినాను.

సంచీ పలక ఉండిన చోటి కిందే ఉంది. వంగి తీసుకుంటూ తలెత్తినాను. ఆ జానెడు చోటు రెండు రంగుల్లో ఉంది. పై మూల ఆకుపచ్చ. కింది సగం నీలం. మధ్యలో వాలుగా గీత గీసినట్టు అంచు. తూర్పు కిటికీలో నుంచి పొద్దుటి ఎండ పడేది సరిగ్గా ఆ గీత దాకానే. పలక విప్పి నాలుగు రోజులు. నాలుగు రోజులూ పొద్దున పూట ఎండ తగిలిన మేర రంగు తిరిగింది.

నా భుజాలకు అప్పుడు జ్ఞాపకమొచ్చింది, బోర్డులు మోసిన భుజాలకు. షెడ్డు చీకట్లో ఆరిన బోర్డు మీద హీరోయిన్ మొహం పసరు పూసినట్టుండేది. రెండు రోజులు ఎండలో నిలబెడితే తేటపడేది. అవిసె నూనె చీకట్లో ఉంటే పసుపు పడుతుంది. నీలంలో పసుపు పడితే ఏమవుతుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నా ఇద్దరు సాక్షులూ చీకట్లో కూర్చున్నవాళ్ళే. పట్టుగుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి, నేనే నా పుస్తకాన్ని పచ్చగా చేసినాను. అంత జాగ్రత్త పడకుండా ఏ కిటికీలోనో పారేసి ఉంటే సరిగా ఉండేది. పొడుల్లో కల్తీ లేదు, చెంచాల లెక్క తప్పు కాదు. మొదటిరోజు నా చేతికి నీలంగా వచ్చినదే సరైనది. దాంట్లో పసుపు మట్టి కలిపింది నేను.

ఆమె ఇంకా ఊడుస్తానే ఉంది. పోయి ఎదురుగా నిలబడినాను. "అక్కా, నీ కన్నే కరెక్టు."

"తెలుసు" అన్నది, చీపురు ఆపకుండా. "కాలు తియ్యి."

కానీ చెంచాల లెక్క మీద కూడా ఇక ఊరికే నమ్మకం పెట్టదల్చుకోలేదు నేను. పుస్తకాన్ని ఆ పేజీ తెరిచి, చర్చి మెట్టు మీద ఎండలో పెట్టినాను. మరకలో సగం మీద సిల్వరు గిన్నె బోర్లించినాను. రోజంతా దానికి ఆమె కాపలా. "మేకలొచ్చి నీ చదువంతా తింటాయి అబ్బయ్యా, ఎట్టా వదిలిపెట్టేది" అని మెట్టు మీదే కూర్చుని వల ముళ్ళు విప్పుకునేది. మూడో సాయంత్రం గిన్నె తీస్తే, సగం పచ్చ, సగం నీలం. ఆ నీలం పక్కన, చెంచాల లెక్కతో కలిపిన రంగు పెట్టినాను. గోటి మీద చుక్క వేసుకుని, కిటికీ వెలుతురులో, బొమ్మ కనబడే చోట, కన్ను చికిలించి చూసినాను.

ఏమీ అనకుండా చిప్ప పైకి పంపించినాను.

మిగిలిన రెండు రోజులూ అమ్మాయి దాదాపు నిచ్చెన దిగలేదు. వేసిన సగమూ గీకి మళ్ళీ వేసింది, మిగతా సగమూ వేసింది. చెయ్యి మంచిది. మేస్త్రి కుంచె ఎటు తిరిగిందో పడవల అంచుల దగ్గర చూసి, అదే వాలు పట్టుకుంది. నేను ఆమెకు ఆ సంగతి చెప్పలేదు. మా షెడ్డులో చెప్పే అలవాటు లేదు.

ఆదివారం మట్టలు పట్టుకుని అందరూ వచ్చినారు. పాట ఆగినాక సంఘపెద్ద నిలబడి, "పెద్దోళ్ళు చూడండి, చూసి చెప్పండి" అన్నాడు. ముందు వరసలో నలుగురైదుగురు ముసలివాళ్ళు మెడలెత్తినారు. అందరూ ఊడ్చే ఆమె వైపే చూసినారు. ఆమె లేచి, మట్ట ఊతంగా పట్టుకుని గోడ దగ్గరికి నడిచి, తెడ్డు పట్టుకున్నోడి మొహం చూసి, పైకి చూసి, మళ్ళీ మొహం చూసింది.

"గాలి నిలిచింది" అన్నది. పోయి తన చోట కూర్చుంది.

సంఘపెద్ద తర్వాతి పాట నంబరు చెప్పినాడు. సోమవారం సున్నం రాలేదు. ఆయన ప్రింటు చేయించిన ఫ్లెక్స్ ఇప్పుడు ఒడ్డునే ఉంది. ఇసకలో పరిచి దాని మీద నెత్తళ్ళు ఎండబెడుతున్నారు. జలపాతం నిండా చేపలే.

సాయంత్రం పాటల పలక తిరిగి బిగించే ముందు, అమ్మాయి కుంచె తీసుకుని, "ఈ జానెడు కూడా కొత్త రంగు వేసేద్దామా తాతా?" అని అడిగింది.

వద్దన్నాను. అది మేస్త్రి తన చేత్తో పూసింది. ఆయన ఆకాశంలో మిగిలింది అంతే. పలక దాని మీదే బిగించండి అన్నాను.

"మళ్ళీ పచ్చబడుద్ది గదా?"

"పడనీ మా. ఇంకో యాభై ఏళ్ళకు ఎవడో తెలివైనవాడు వచ్చి, ఎవరికీ రాని ఆలోచన నాకొచ్చిందని మరలు విప్పుతాడు. రెండు రోజులు గర్వంగా తిరుగుతాడు. తిరగనియ్యి."

పుస్తకం ఇప్పుడు రేకు పెట్టెలో లేదు. తూర్పు కిటికీ గూట్లో, తెరిచి ఉంటుంది. రోజుకో పేజీ తిప్పుతాను.